ఇంట్లో ఎలక్ట్రిక్ కారు ఛార్జింగ్: ఏ పాయింటు పెట్టించాలి, ఏ స్లాబులో ఎంత పడుతుంది

ఎలక్ట్రిక్ కారు బుక్ చేసినవాళ్లు మొదట అడిగే మాట, ఎంత పెద్ద ఛార్జర్ పెట్టించాలి అని. అంతకన్నా ముందు చూసుకోవాల్సినవి రెండున్నాయి: కరెంటు బిల్లులో ఇప్పటికే నెలకు ఎన్ని యూనిట్లు పడుతున్నాయి, ఇంట్లో ఎర్త్ నిజంగా పనిచేస్తోందా. కిలోమీటరుకు ఎంత పడుతుందో మొదటిది తేలుస్తుంది. ఛార్జింగ్ అసలు మొదలవుతుందో లేదో, మొదలైతే క్షేమంగా సాగుతుందో లేదో రెండోది తేలుస్తుంది. గోడ మీద బిగించే బాక్సు సంగతి ఈ రెండూ తేలాక చూసుకోవచ్చు. ఎక్కువ ఇళ్లకు ఆ బాక్సు అవసరమే ఉండదు.

రాత్రికి ఎన్ని యూనిట్లు కావాలి

కారుతో వచ్చే పోర్టబుల్ ఛార్జర్‌ను మామూలు 15 ఆంప్స్ పవర్ ప్లగ్‌లో పెట్టుకోవచ్చు. 230 వోల్టుల దగ్గర 15 ఆంపియర్లు లాగితే సుమారు 3.4 కిలోవాట్లు. కంపెనీలు దీన్ని 3.3 అని రాస్తాయి. గోడకు బిగించే వాల్ బాక్సు 32 ఆంపియర్లతో 7.2 కిలోవాట్లు ఇస్తుంది. త్రీఫేజ్ మీద నడిచే 11 కిలోవాట్ల బాక్సులూ ఉన్నాయి, కానీ కారు తీసుకోగలిగితేనే వాటితో లాభం.

ఏసీ కరెంటును బ్యాటరీకి కావలసిన డీసీగా మార్చే అసలు ఛార్జర్ కారు లోపలే ఉంటుంది. గోడ మీద బాక్సు చేసేది కరెంటును జాగ్రత్తగా పంపడం, తేడా వస్తే ఆపడం, అంతే. కారు లోపలి ఛార్జర్ 3.3 కిలోవాట్లదైతే, 7.2 బాక్సు పెట్టినా స్పీడు పెరగదు. చిన్న కార్ల కింది వేరియంట్లలో 3.3దే వస్తుంది, కాబట్టి బాక్సుకు డబ్బు కట్టే ముందు మీ వేరియంట్ కాగితం చూడండి.

రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 3.3 కిలోవాట్ల మీద పెడితే మీటరులో 26 యూనిట్లు తిరుగుతాయి. మధ్యలో పోయేవి పోగా బ్యాటరీకి చేరేవి సుమారు 23. కాంపాక్ట్ ఎస్‌యూవీ సైజు కారు ఊళ్లో కిలోమీటరుకు 140 వాట్-అవర్ల (వెయ్యి వాట్-అవర్లు, అంటే ఒక కిలోవాట్-అవర్, ఒక యూనిట్) చొప్పున తాగితే అది 160 కిలోమీటర్లకు పైనే. రోజుకు 50, 60 కిలోమీటర్లు తిరిగే కుటుంబానికి మూడు నాలుగు గంటల ఛార్జింగ్ సరిపోతుంది. అందుకే మా సలహా: ముందు 15 ఆంప్స్ పాయింటుతో మొదలుపెట్టండి, బాక్సుకు పెట్టే డబ్బు మంచి వైరింగ్ మీదా ఎర్త్ మీదా పెట్టండి.

7.2 నిజంగా కావలసినవాళ్లూ ఉన్నారు. మహీంద్రా బీఈ 6లో 79 కిలోవాట్-అవర్ల బ్యాటరీ ఉన్న వేరియంట్ ఉంది. దాన్ని 20 శాతం నుంచి నింపాలంటే మీటరు దగ్గర 72 యూనిట్ల దాకా కావాలి. 3.3 మీద 22 గంటలు, 7.2 మీద పది గంటలు. పెద్ద బ్యాటరీ ఉండి, రాత్రి వచ్చి తెల్లారి మళ్లీ విజయవాడో బెంగళూరో బయల్దేరేవాళ్లకు, ఇంట్లో రెండు ఎలక్ట్రిక్ కార్లున్నవాళ్లకు బాక్సు తప్పదు.

ఖర్చు: సగటు రేటు కాదు, చివరి స్లాబు రేటు

చాలామంది మొత్తం బిల్లును మొత్తం యూనిట్లతో భాగించి, వచ్చిన రేటుతో కారు ఖర్చు లెక్కేస్తారు. అది తప్పు లెక్క. ఇంటి వాడకం కింది స్లాబులను ఎలాగూ నింపేస్తుంది. కారు యూనిట్లు వాటి పైన పడతాయి. కాబట్టి కారు ఖర్చంటే, కారుతో వచ్చిన బిల్లులోంచి కారు లేకపోతే వచ్చే బిల్లు తీసేయగా మిగిలేది.

నెలకు వెయ్యి కిలోమీటర్లు అనుకుందాం. కారు స్క్రీన్ కిలోమీటరుకు 140 వాట్-అవర్లు చూపిస్తే బ్యాటరీ ఇచ్చినవి 140 యూనిట్లు. స్క్రీన్ మీద కనిపించేది బ్యాటరీ వైపు లెక్క మాత్రమే. ఇంటి ఛార్జింగ్‌లో పది నుంచి పదిహేను శాతం వేడిగా పోతుంది, దానికీ మీటరు తిరుగుతుంది. కాబట్టి బిల్లులో పడేవి సుమారు 160 యూనిట్లు. కింది లెక్కలన్నీ ఆ 160 మీదే.

తెలంగాణలో 2022-23 టారిఫ్ ప్రకారం నెలకు 200 యూనిట్లు దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు 5.10 రూపాయల చొప్పున, 201 నుంచి 300 దాకా 7.70, 301 నుంచి 400 దాకా 9.00, 401 నుంచి 800 దాకా 9.50, ఆపైన 10 రూపాయలు. 200 లోపు ఉండే ఇంటికి వేరే రేట్లు: మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80. వంద లోపైతే మొదటి యాభైకి 1.95, తర్వాతి యాభైకి 3.10.

ఇప్పటికే 220 యూనిట్లు కాల్చే ఇంటి ఎనర్జీ ఛార్జీ 1,174 రూపాయలు. కారు చేరి 380 అయితే 2,510. కారుకు పడింది 1,336 రూపాయలు, కిలోమీటరుకు రూపాయి ముప్పై నాలుగు పైసలు. ఇప్పుడు 180 యూనిట్ల ఇల్లు చూడండి. కారు లేనప్పుడు 724 రూపాయలు, కారు వచ్చి 340 అయ్యాక 2,150. తేడా 1,426. తక్కువ కాల్చే ఇంటికే కారు ఎక్కువ పడింది! కారణం, 200 గీత దాటగానే మొదటి యూనిట్ నుంచీ రేటు మారిపోవడం. సరిగ్గా 200 యూనిట్లయితే 820 రూపాయలు, 201 అయితే 1,027.70. ఒక్క యూనిట్ తేడాకు 207 రూపాయల పైచిలుకు.

గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చే ఇళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. 200 యూనిట్ల లోపు ఉన్నంత వరకే ఆ పథకం. కారు వల్ల 200 దాటిన నెలలో ఇంటి వాడకంతో సహా మొత్తం బిల్లు కట్టాలి, కాబట్టి పోయిన సబ్సిడీని కూడా కారు ఖాతాలోనే రాసుకోవాలి.

ఆంధ్రప్రదేశ్‌లో అందరికీ ఒకే వరస స్లాబులు. 2022-23 నుంచి మొదటి 30 యూనిట్లకు 1.90, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఇక్కడ గీత దాటితే దాటిన యూనిట్లకే కొత్త రేటు, వెనక యూనిట్ల రేటు మారదు. 220 యూనిట్ల ఇంటికి కారు వల్ల 987 రూపాయలు 2,373 అవుతుంది, అంటే కారుకు 1,386. 180 యూనిట్ల ఇంటికి 1,276. వేసవిలో రెండు ఏసీలు నడిచి ఇంటి వాడకమే 400 దాటితే ప్రతి కారు యూనిటూ 9.75 చొప్పున, నెలకు 1,560. దీని మీద బిల్లులో వచ్చే ట్రూ-అప్ (కరెంటు సంస్థకు గతంలో అదనంగా అయిన ఖర్చు వసూలు), ఇంధన సర్దుబాటు ఛార్జీలు కలపండి. యూనిట్‌కు 40 పైసలు పడ్డ నెలలో 160 యూనిట్లకు 64 రూపాయలు అదనం. యూనిట్‌కు 6 పైసల ఎలక్ట్రిసిటీ డ్యూటీ రెండు రాష్ట్రాల్లోనూ ఉంటుంది, అది పది రూపాయల మాట.

పోల్చుకోవడానికి: లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారు వెయ్యి కిలోమీటర్లకు, లీటరు 107 రూపాయల చొప్పున, ఏడు వేల పైన తాగుతుంది. బయట ఫాస్ట్ ఛార్జర్ దగ్గర యూనిట్ 18 నుంచి 25 రూపాయల దాకా ఉంటుంది. ఇరవై చొప్పున చూసినా అదే దూరానికి దాదాపు మూడు వేలు. ఇంటి ఛార్జింగ్ ఏ స్లాబులో పడ్డా బయటికన్నా చవకే.

తగ్గించుకునే దారులు మూడున్నాయి. మొదటిది, పైనా కిందా వేర్వేరు మీటర్లున్న సొంత ఇల్లు. రెండు పోర్షన్లూ మీ కుటుంబమే వాడుకుంటూ ఒకదాని వాడకం 60 యూనిట్లే ఉంటే, ఛార్జింగ్ పాయింటు ఆ మీటరు మీద పెట్టించండి. అదే 160 యూనిట్లకు తెలంగాణలో 1,046, ఆంధ్రలో 840 రూపాయలే పడుతుంది. వైరు లాగేటప్పుడు ఈ ఒక్క ఆలోచన చేస్తే ఖర్చు లేకుండా కలిసొచ్చే లాభం ఇది.

రెండోది, ఛార్జింగ్‌కు వేరే మీటరు. ఎలక్ట్రిక్ వాహనాల కేటగిరీలో స్లాబులుండవు. తెలంగాణ టారిఫ్‌లో యూనిట్ 6 రూపాయలు, ఆంధ్రలో 6.70. 160 యూనిట్లకు 960 లేదా 1,072. పైకి నెలకు మూడు నాలుగు వందలు మిగిలినట్టే ఉంటుంది, కానీ దరఖాస్తు పెట్టే ముందు ఆ కేటగిరీకి ఫిక్స్‌డ్ ఛార్జీ ఎంతో ఏఈ ఆఫీసులో అడగండి. కిలోవాట్‌కు 50 రూపాయలు పడితే, 7 కిలోవాట్ల లోడుకు నెలకు 350. మిగిలిందంతా అక్కడే పోతుంది. నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరిగేవాళ్లకు, రెండు కార్లవాళ్లకు వేరే మీటరు గిట్టుబాటు. వెయ్యి లోపు తిరిగేవాళ్లకు అంతగా కాదు. వేరే కనెక్షన్ అడిగే హక్కు మాత్రం అందరికీ ఉంది. 2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల్లో ఈ మాట స్పష్టంగా ఉంది. ఉన్న ఇంటి కనెక్షన్ మీదే సొంత కారు ఛార్జ్ చేసుకోవచ్చని 2022 జనవరి కేంద్ర మార్గదర్శకాలే చెప్పాయి, దానికి ఎవరి లైసెన్సూ అక్కర్లేదు.

మూడోది సోలార్. మన దగ్గర ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సగటున నాలుగు యూనిట్లిస్తాయి. కారు 160 యూనిట్లకు కావలసింది సుమారు 1.3 కిలోవాట్లు. ఇంటికోసం ఎలాగూ సోలార్ పెట్టిస్తుంటే ఒకటిన్నర కిలోవాట్ కలిపి పెట్టించండి, దానికి 150 చదరపు అడుగుల మేడ చాలు. నెట్ మీటరింగ్ ఉంటే పగలు గ్రిడ్‌కు పోయిన యూనిట్లు రాత్రి ఛార్జింగ్‌కు సర్దుబాటవుతాయి కాబట్టి కారు పగలు ఇంట్లో లేకపోయినా నష్టం లేదు. పీఎం సూర్యఘర్ సబ్సిడీ రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30,000, మూడు, ఆపైన ఎంత పెట్టినా మొత్తం 78,000 రూపాయలు.

లోడు పెంచుకోవడం

బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ అని ఒక అంకె ఉంటుంది. పాత ఇళ్లలో అది ఒకటో రెండో కిలోవాట్లే. కారు ఒక్కటే 3.3 లాగుతుంది. గీజరు 2, ఏసీ 1.5 అదే సమయంలో నడిస్తే దాదాపు ఏడు కిలోవాట్లయి మెయిన్ పడిపోతుంది, లేదా కటౌట్ ఫ్యూజు పోతుంది. కాబట్టి కారు రాకముందే లోడు పెంచమని డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వెబ్‌సైట్లోనో యాప్‌లోనో దరఖాస్తు పెట్టండి. కిలోవాట్ చొప్పున డెవలప్‌మెంట్ ఛార్జీ, సెక్యూరిటీ డిపాజిట్ కట్టాలి.

ఇక్కడే 7.2 బాక్సు కొన్నవాళ్లకు చిక్కు వస్తుంది. రెండు రాష్ట్రాల్లోనూ సింగిల్ ఫేజ్ కనెక్షన్ 5 కిలోవాట్ల వరకే. అది దాటితే త్రీఫేజ్ తీసుకోవాలి, మీటరు మారుతుంది, ఇంటి మెయిన్ బోర్డూ మారుతుంది. త్రీఫేజ్ వచ్చాక 7.2 బాక్సు ఒక్క ఫేజు మీదే 32 ఆంపియర్లు లాగుతుంది. కాబట్టి ఏసీలు, గీజర్లు మిగతా రెండు ఫేజుల మీదికి మార్చమని ఎలక్ట్రీషియన్‌కు ముందే చెప్పాలి. త్రీఫేజ్ వద్దనుకుంటే 7.2 బాక్సునే 16 ఆంపియర్లకు సెట్ చేసి నడపొచ్చు. ఆ సెట్టింగ్ బిగించేవాళ్లే లోపలి స్విచ్చుతోనో యాప్‌తోనో చేస్తారు.

15 ఆంప్స్ పాయింటు ఎలా వేయాలి

గీజరు పావుగంట లాగి ఆగుతుంది. కారు ఎనిమిది గంటలు ఆగకుండా లాగుతుంది. గీజరుకు సరిపోయిన పాయింటు కారుకు సరిపోకపోవడానికి అదే కారణం. ఉన్న పాయింటులో పెట్టకుండా, మెయిన్ బోర్డు నుంచి కారు దాకా కొత్త లైను వేయించండి. మధ్యలో జాయింట్ ఉండకూడదు, ఇంకో ప్లగ్‌కు కనెక్షన్ ఇవ్వకూడదు.

వైరు 4 చదరపు మిల్లీమీటర్ల రాగిది, ఫేజు, న్యూట్రల్, ఎర్త్ మూడూ అదే సైజు. 2.5తో పని జరుగుతుందని చెప్పేవాళ్లుంటారు. జరుగుతుంది, కానీ మే నెలలో ఎండ తగిలే పైపులో గంటల తరబడి 15 ఆంపియర్లు పోతుంటే వైరు వేడెక్కుతుంది, ఆ వేడికి మీరే బిల్లు కడతారు. 4 చదరపు మిల్లీమీటర్ల వైరు ముప్పై మీటర్లు లాగినా 15 ఆంపియర్ల దగ్గర పోయేది 5 వోల్టులే.

ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే పడిపోయే స్విచ్) 20 ఆంప్స్, సీ కర్వ్ (C Curve) రకం. 16 ఆంప్స్‌ది పెడితే రెండు మూడు గంటలయ్యాక ఊరికే పడిపోతుంటుంది. ఎంసీబీల లెక్క 30 డిగ్రీలకు కట్టింది. డబ్బా లోపల 45 డిగ్రీలుంటే 16 ఆంప్స్‌ది పద్నాలుగు పదిహేను దగ్గరే పడిపోవచ్చు. దాంతో పాటు 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) తప్పనిసరి. రెండూ ఒకటిగా ఉండే ఆర్‌సీబీఓ దొరికితే ఇంకా మంచిది. షాపులో మామూలుగా ఇచ్చేది ఏసీ టైపు (Type AC). కారు ఛార్జర్‌కు కనీసం టైప్-A (Type A) కావాలి, అడిగి తీసుకోండి. కారు ఎలక్ట్రానిక్స్ నుంచి వచ్చే లీకేజీలో డీసీ కలిసి ఉంటే ఏసీ టైపు దాన్ని పట్టుకోలేదు.

సాకెట్ ఐఎస్ఐ మార్కున్న మంచి కంపెనీది, 16 ఆంప్స్, గట్టిగా పట్టేది. వెనక స్క్రూలు బిగించాక ఒక్కో వైరునూ లాగి చూడాలి. ప్లగ్ టాప్ కాలిపోయిన కేసుల్లో చాలావాటికి మూలం అక్కడ వదులైన స్క్రూయే. కొత్త పాయింటు మీద మొదటి రాత్రి గంటసేపు ఛార్జ్ చేశాక ఆపేసి, ప్లగ్ తీసి పిన్నులను, సాకెట్ ముఖాన్ని చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే మామూలే. చెయ్యి పెట్టలేనంత వేడుంటే, గోధుమరంగు మరక పడితే, కాలిన వాసన వస్తే ఆ సాకెట్ వాడొద్దు. నెలకోసారి ఇదే పరీక్ష చెయ్యండి.

ఎక్స్‌టెన్షన్ బోర్డు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఛార్జర్ కంట్రోల్ బాక్సు గాలిలో వేలాడితే దాని బరువుకు ప్లగ్ వదులవుతుంది, అందుకే సాకెట్ పక్కనే గోడకు ఒక కొక్కెం కొట్టించి దానికి తగిలించండి. సాకెట్ నేలకు మూడు నాలుగు అడుగుల ఎత్తున, వాన జల్లు తగలకుండా మూత ఉన్న డబ్బాలో ఉండాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే కారు లైను దాని దాకా పోకుండా ముందే విడదీయించండి, లేకపోతే కరెంటు పోయిన మరుక్షణం ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అవుతుంది.

ఎర్తింగ్ గుంత ఇప్పటికే బాగుంటే, పదిహేను మీటర్ల దూరంలో ఈ పనంతా ఏడెనిమిది వేల నుంచి పదిహేను వేల మధ్య తేలుతుంది.

ఎర్త్: ఛార్జింగ్ మొదలుకాని ఇళ్లలో అసలు సమస్య

ఛార్జర్ ప్రతిసారీ ముందు ఎర్త్ చూస్తుంది. నచ్చకపోతే ఎర్ర లైటు వేసి ఆగిపోతుంది. అప్పుడు ఛార్జర్ పాడైందని సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తారు, లోపం ఎక్కువగా ఇంట్లోనే ఉంటుంది.

మల్టీమీటరుతో సాకెట్లో మూడు కొలతలు తీయించండి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230కి దగ్గరగా, ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టుల లోపు. ఇది ఐదు దాటితే అనుమానించాలి. అయితే మల్టీమీటరు ఒక్కటే నమ్మదగ్గది కాదు. అది లాగే కరెంటు అతి తక్కువ, కాబట్టి తెగబోతున్న ఎర్త్ కూడా 230 చూపిస్తుంది. అసలు బలం తెలియాలంటే లోడు పెట్టాలి. ఎలక్ట్రీషియన్ ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య 100 వాట్ల మామూలు బల్బు పెడితే అది న్యూట్రల్‌తో వెలిగినంత వెలుతురుగా వెలగాలి. ఆ బల్బు లాగేది 0.43 ఆంపియర్లు. బల్బు వెలుగుతుండగా వోల్టేజి పది పడిపోయిందంటే ఎర్త్ దారిలో 23 ఓములు అడ్డం ఉన్నట్టు, కావలసింది ఐదు, అంతకన్నా తక్కువ. ఆర్‌సీసీబీ ఉన్న లైనులో బల్బు పెట్టగానే అది పడిపోవాలి, పడితే మంచిదే. ఈ పరీక్ష ఎలక్ట్రీషియన్ మాత్రమే చెయ్యాలి. ఎర్త్ చెడి ఉంటే ఆ క్షణంలో ఇంట్లో గీజరు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ బాడీలకు కరెంటు వస్తుంది, కాబట్టి ఎవరూ వాటిని తాకకూడదు. ఎర్త్ మెగ్గర్ (ఎర్త్ ఎన్ని ఓములుందో కొలిచే పరికరం) ఉన్న మనిషి దొరికితే ఈ రిస్కు అక్కర్లేదు.

ఎర్త్ ఫాల్ట్‌కు కారణాలు ఈ వరసలో వెతకండి. సాకెట్ వెనక ఎర్త్ వైరే బిగించకపోవడం, పాత ఇళ్లలో ఇది చాలా మామూలు. తర్వాత ఫేజు, న్యూట్రల్ తారుమారు కావడం: సాకెట్‌కు ఎదురుగా నిలబడితే ఎర్త్ పైన, ఫేజు కుడివైపు, న్యూట్రల్ ఎడమవైపు ఉండాలి, కొన్ని ఛార్జర్లు తిరగేసి ఉంటే ఒప్పుకోవు. తర్వాత వేసవిలో ఎండిపోయిన గుంత. ఆ తర్వాత స్తంభం దగ్గర న్యూట్రల్ వదులుకావడం. ఇంట్లో లైట్లు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వెలుగుతుంటే అదే, 1912కు ఫోన్ చెయ్యండి. అపార్ట్‌మెంట్ జనరేటర్ మీద మాత్రమే ఫాల్ట్ వస్తుంటే జనరేటర్ న్యూట్రల్‌కు ఎర్త్ లేదన్నమాట.

గుంత కొత్తగా వేయించాల్సి వస్తే ఇంటి పునాదికి కనీసం ఒకటిన్నర మీటర్ల దూరంలో, రెండున్నర మూడు మీటర్ల లోతున పైపు దింపాలి. ఉప్పు, బొగ్గు వేసే పాత పద్ధతి పనిచేస్తుంది, కానీ ఉప్పు కొన్నేళ్లకు జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపును తినేస్తుంది, వేసవిలో వారానికోసారి నీళ్లు పోయాలి. రాగి పూత రాడ్‌తో కెమికల్ ఎర్తింగ్ ఎక్కువ కాలం నిలుస్తుంది. రాతినేలలో ఒక్క గుంతతో ఐదు ఓములు రాకపోతే రెండోది వేసి రెండూ కలపాలి.

ఫాల్ట్ లైటు పోవడానికి సాకెట్ వెనక న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ చిన్న వైరు ముక్కతో కలిపేసేవాళ్లున్నారు. దీన్ని మీ ఇంట్లో చెయ్యనివ్వకండి. ఛార్జర్ మోసపోయి పనిచేస్తుంది నిజమే. ఎప్పుడైనా న్యూట్రల్ తెగిందా, 230 వోల్టులు నేరుగా కారు బాడీ మీదికి వస్తాయి. తడినేల మీద నిలబడి తలుపు తీసిన మనిషి బతకడం కష్టం.

అపార్ట్‌మెంట్ సెల్లార్లో

మీ మీటరు నుంచి మీ పార్కింగ్ దాకా కేబుల్ లాగడమే ఇక్కడ పని. అసోసియేషన్‌కు రాతపూర్వకంగా అడగండి. కేబుల్ ఏ దారిన పోతుందో చిన్న బొమ్మ, ఎంసీబీ, ఆర్‌సీసీబీ వివరాలు, లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ పేరు జత చేస్తే చాలావరకు అభ్యంతరాలు అక్కడే తీరిపోతాయి. కామన్ మీటరు నుంచి కరెంటు తీసుకోవద్దు, తగాదాలన్నీ అక్కడే మొదలవుతాయి.

దూరం ఎక్కువ కాబట్టి వైరు సైజు లెక్క వేసుకోవాలి. 32 ఆంపియర్ల బాక్సుకు 6 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ అరవై మీటర్లు లాగితే 14 వోల్టులు దారిలోనే పోతాయి, ఆరు శాతం. 10 చదరపు మిల్లీమీటర్లదైతే ఎనిమిదిన్నర వోల్టులే. ఇరవై మీటర్ల లోపు 6, దాటితే 10 అని గుర్తుంచుకోండి. సెల్లార్లో ఆర్మర్డ్ (ఇనుప కవచమున్న) కేబుల్ వాడండి. మీటరు దగ్గర ఒక ఎంసీబీ, బాక్సు దగ్గర మీరు తాళం వేసుకోగలిగే ఐసొలేటర్ (లైనును పూర్తిగా విడదీసే స్విచ్) పెట్టించండి. వానాకాలం నీళ్లు చేరే సెల్లార్ అయితే గతంలో నీళ్లు వచ్చిన ఎత్తుకు పైన బాక్సు ఉండాలి.

రోజూ పెట్టేటప్పుడు

పోర్టబుల్ ఛార్జర్‌ను ముందు గోడకు పెట్టి స్విచ్ వెయ్యండి, ఆకుపచ్చ లైటు వచ్చాక గన్ (కేబుల్ చివర కారుకు పెట్టే ప్లగ్) కారుకు పెట్టండి. తీసేటప్పుడు కారులోనో యాప్‌లోనో ఛార్జింగ్ ఆపి, గన్ తీసి, చివర గోడ స్విచ్ కట్టెయ్యాలి. నడుస్తుండగా గోడ ప్లగ్ పీకితే పిన్నుల మధ్య నిప్పురవ్వలు లేచి సాకెట్ త్వరగా పాడవుతుంది. గన్ రాకపోతే లాగొద్దు, కారు అన్‌లాక్ చేసి చూడండి. సగం సార్లు లాకే కారణం.

మామూలు ఇంటి మీటరుకు ఏ వేళ పెట్టినా స్లాబు రేటే. అయినా రాత్రి పదకొండు తర్వాత టైమరు పెట్టుకోవడం మేలు. వేసవి సాయంత్రాలు ఏసీలన్నీ ఒక్కసారి నడిచి వోల్టేజి పడిపోతుంది, 190 దగ్గర కొన్ని ఛార్జర్లు మెల్లగా నడుస్తాయి, ఇంకా తగ్గితే ఆగిపోతాయి. ఊరంతా పడుకున్నాక వోల్టేజి కోలుకుంటుంది. మీ వీధిలో ఏ వేళ చూసినా వోల్టేజి తక్కువే ఉంటే స్టెబిలైజర్ కొనకండి, ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు చూడమని ఫిర్యాదు చెయ్యండి. ఎండలో తిరిగొచ్చిన వెంటనే పెట్టకుండా గంటసేపు చల్లారనిస్తే బ్యాటరీకీ మంచిది. ఉరుములు మెరుపులు మొదలైతే గన్ తీసెయ్యండి. పిడుగులు ఎక్కువ పడే ప్రాంతమైతే బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించడం తెలివైన ఖర్చు.

ఎంత దాకా నింపాలన్నది బ్యాటరీని బట్టి. ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) రకానికి రోజూ 80 శాతం చాలు, దూరం వెళ్లే ముందు రాత్రే వంద. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకానికి మాన్యువల్‌లో చెప్పిన గడువుకోసారి ఇంటి ఛార్జర్ మీద మెల్లగా వంద శాతం నింపాలి. అలా చెయ్యకపోతే సెల్స్ మధ్య తేడా పెరిగి, స్క్రీన్ మీద శాతం అంచనా గాడి తప్పుతుంది, ఇరవై ఉందనుకున్నది ఒక్కసారి పదికి పడిపోతుంది. వంద దగ్గర అరగంట, గంటసేపు అలాగే ఆగి ఉన్నట్టు కనిపిస్తే గన్ తీయకండి, సెల్స్ సరిచేసుకునే పని అప్పుడే జరుగుతుంది.